జీన్ రిచీ పాత జానపద గీతాలు మాత్రమే పాడారా, సొంతంగా పాటలు రాశారా?

అమెరికా జానపద గాయని జీన్ రిచీ రెండూ చేశారు: అపలేచియన్ కొండల్లో తన కుటుంబం తరతరాలుగా పాడుకున్న పాటలను లోకానికి వినిపించడమే కాక, బొగ్గు గనుల బతుకుల మీద స్వయంగా పాటలు రాశారు. 1922లో కెంటకీ రాష్ట్రంలోని వైపర్ అనే పల్లెలో, 14 మంది సంతానంలో ఆఖరి బిడ్డగా పుట్టిన ఆమె, న్యూయార్క్ చేరాక ఒడిలో పెట్టుకుని మీటే డల్సిమర్ వాద్యంతో పేరు తెచ్చుకున్నారు. 1952లో ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ ఉపకార వేతనం సాయంతో తమ ఇంటి పాటల మూలాలు వెతుకుతూ బ్రిటన్, ఐర్లండ్ తిరిగారు. ఆమెను పాత పాటల గాయనిగానే చూడటానికి ఈ కృషే కారణం.

మరో కారణం ఆమె చేతులారా చేసుకున్నదే. మగవాడు రాశాడనుకుంటే నిరసన గీతాలకు మన్నన ఎక్కువ దొరుకుతుందని భావించి, గనుల పాటలు కొన్నింటిని ‘థాన్ హాల్’ అనే మారుపేరుతో వెలువరించారు. ఆ అంచనా ఆ కాలానికి తప్పు కాదనే చెప్పాలి.

ఉదాహరణకు, గనులు మూతపడి, బొగ్గు వ్యాగన్లు ఖాళీగా తుప్పుపట్టిన ఊరిలో ఎల్ అండ్ ఎన్ (లూయీవిల్ అండ్ నాష్‌విల్ రైలు సంస్థ) రైలు ఇక ఆగదని చెప్పే పాట ఆమె రచనే. ప్రముఖ అమెరికా గాయకుడు జానీ క్యాష్ కూడా పాడిన ఆ పాటను కర్త తెలియని జానపదమని పొరబడేవారున్నారు. బాణీ పాతకాలపు తీరులో సాగుతుంది గానీ, అది 20వ శతాబ్దపు పాట.