బయానా ముట్టాక షాండ్లియర్ ఎవరిది?

ప్రశ్న: మా ఫ్లాటుకు 62 లక్షలకు బేరం కుదిరింది. పండుగకు ముందు కొనేవాళ్లు రెండు లక్షలు ఇచ్చారు. లక్ష ఫోన్‌లో పంపారు, లక్ష నగదుగా చేతిలో పెట్టారు. తెల్ల కాగితం మీద 'బయానా ముట్టినది, మిగతా పైకం పండుగ తర్వాత' అని రాసుకుని ఇరువైపులా సంతకాలు చేశాం. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ల కంటికి ఆనాలని అంతకు వారం ముందే మా వీధిలోని ఎలక్ట్రికల్ దుకాణంలో హాల్లోకి షాండ్లియర్, గదుల్లోకి సీలింగ్ లైట్లు కొన్నాం. ఏసీలు, గీజర్లు, షాండ్లియర్ ఇంటితో పాటే వస్తాయని కొనేవాళ్లు ఇప్పుడు అంటున్నారు. ఆ షాండ్లియర్‌లో సగం దీపాలు పదో రోజుకే ఆరిపోయాయి. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోం, కంపెనీని అడగండి' అంటాడు దుకాణదారు. ఆయన ఇచ్చింది బిల్లు కాదు, ఎస్టిమేట్ చీటీ. ఇంతలో మరొకరు నాలుగు లక్షలు ఎక్కువిస్తామని వచ్చారు. బయానాకు రెట్టింపు ఇచ్చేసి మొదటివాళ్లను వదిలించుకోవచ్చా? మేం చేయాల్సిందేమిటి?

జవాబు: మీరు చివర్లో అడిగినదే అన్నిటికన్నా ప్రమాదకరమైనది, కాబట్టి అక్కడే మొదలుపెడతాను. బయానాకు రెట్టింపు ఇచ్చేస్తే బేరం రద్దయిపోతుందన్న మాట జనంలో బాగా పాతుకుపోయింది. చట్టంలో అలాంటి సూత్రం లేదు. ఒప్పందం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని కొనేవాళ్లు నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963 కింద దావా వేయవచ్చు. ఆ ఉపశమనం ఇవ్వడం, ఇవ్వకపోవడం ఒకప్పుడు చాలావరకు కోర్టు విచక్షణ. 2018 సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక ఆ వెసులుబాటు బాగా తగ్గింది. కొనేవాళ్లు డబ్బుతో సిద్ధంగా ఉన్నామని రుజువు చేసుకుంటే, 'రెట్టింపు ఇస్తానన్నాను కదా' అనే జవాబు పనిచేయదు. ఇష్టమైతే అమ్మవచ్చు, లేదంటే ఇంత సొమ్ము కట్టి తప్పుకోవచ్చు అని ఒప్పందంలోనే ఎంపిక రాసుకుని ఉంటే సంగతి వేరు. ఊరికే పరిహారం మొత్తం రాసుకున్నంత మాత్రాన నిర్దిష్ట అమలుకు, అంటే ఒప్పుకున్న అమ్మకాన్నే కోర్టు చేయించడానికి, అడ్డు రాదని అదే చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. మీ కాగితంలో ఆ ఎంపిక లేదు.

దావా గడువు మూడేళ్లు. కాగితంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి లెక్క. లేకపోతే మీరు కాదన్న సంగతి వాళ్లకు తెలిసిన రోజు నుంచి. 'పండుగ తర్వాత' అన్నది తేదీ కాదు, ఏ పండుగో కూడా అందులో లేదు. అంటే గడియారం ఇంకా మొదలే కాలేదని వాళ్లు వాదించగలరు. నాలుగు లక్షలు ఎక్కువిస్తానన్న రెండో మనిషికి మొదటి బేరం సంగతి తెలిసి కొంటే, ఆయన మీద కూడా కోర్టు డిక్రీ (తీర్పు ఆదేశం) అమలవుతుంది. ఆయన ఆ నాలుగు లక్షలతో దావానూ కొనుక్కుంటాడన్నమాట.

తెల్ల కాగితమే కదా, చెల్లదులే అనుకుంటున్నారేమో. స్టాంపు లేని పత్రాన్ని కోర్టు ఉన్నపళంగా సాక్ష్యంగా తీసుకోదు, నిజమే. కానీ తక్కువపడిన సుంకం, జరిమానా కట్టించుకుని తీసుకుంటుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో స్థిరాస్తి అమ్మకపు ఒప్పందాన్నీ రిజిస్టర్ చేయించాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన సవరణ అది. అయినా రిజిస్టర్ కాని ఒప్పందాన్ని నిర్దిష్ట అమలు దావాలో సాక్ష్యంగా చూపడానికి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. ఫ్లాటు నంబరు, ధర ఆ కాగితంలో లేకపోతే వాళ్ల పని కష్టమవుతుంది గానీ, మీ ఫోన్ సందేశాల్లో ఆ రెండూ ఉండే ఉంటాయి. కాబట్టి మొదటివాళ్లకే అమ్మండి. లేదా వాళ్లు ఒప్పుకుంటే రద్దు పత్రం రాయించుకుని, సొమ్ము బ్యాంకు ద్వారా తిరిగిచ్చి, ఆ తర్వాతే రెండో బేరం మాట్లాడండి.

వెనకడుగు వాళ్లే వేస్తే రెండు లక్షలూ మీవేనా? ఇక్కడ పేరు ముఖ్యం కాదు, ఆ డబ్బు ఏ పని కోసం ఇచ్చారన్నదే ముఖ్యం. మాట నిలబెట్టుకుంటామనడానికి హామీగా ఇచ్చింది బయానా, దాన్ని జప్తు చేసుకోవచ్చు. ధరలో భాగంగా ఇచ్చింది కేవలం చెల్లింపు, దాన్ని ఊరికే ఉంచేసుకోలేరు. 1963లో ఫతే చంద్ కేసులో అమ్మినాయన 25,000 అట్టిపెట్టుకోజూశాడు. అందులో బయానా 1,000 మాత్రమే. మిగతా 24,000 తర్వాత ధరలో భాగంగా ముట్టింది. నష్టం రుజువు కాలేదు కాబట్టి సుప్రీంకోర్టు ఆ 1,000 వరకే జప్తుకు ఒప్పుకుంది. సతీష్ బాత్రా కేసులో (తీర్పు 2012 అక్టోబరులో) 70 లక్షల బేరంలో ఏడు లక్షల బయానా మొత్తాన్నీ జప్తు చేసుకోనిచ్చింది, ఎందుకంటే అది హామీ సొమ్మని, కొనేవాళ్ల తప్పు వల్ల బేరం చెడితే పోతుందని ఒప్పందంలో స్పష్టంగా ఉంది. మీ కాగితంలో 'బయానా' అన్న ఒక్క మాట ఉంది, జప్తు ఊసు లేదు. వాదించుకోవచ్చు, ఖాయం మాత్రం కాదు.

అందుకే ఈ వారంలోనే సరైన అగ్రిమెంటు రాయించండి. పాత కాగితాన్ని చింపకుండా, దాని తేదీని ఇందులో ప్రస్తావించండి. గడువు వాక్యం ఇలా ఉండాలి: 'మిగతా పైకం ఫలానా తేదీలోపు బ్యాంకు ద్వారా చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ రోజు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి సెలవైతే మరుసటి పనిదినం. ఈ గడువు ఒప్పందానికి ప్రధానం.' ఆఖరి వాక్యం అలంకారం కాదు. స్థిరాస్తి బేరాల్లో గడువు సాధారణంగా ప్రధానం కాదని చాంద్ రాణి కేసులో (1992) సుప్రీంకోర్టు చెప్పింది. ప్రధానమేనని మాటల్లో చూపించకపోతే, వాళ్లు నెల ఆలస్యం చేసినా మీరు రద్దు చేయడం కష్టమే. సెలవు సంగతి రాయకపోతే ఇంకో చిక్కు. ఆఖరి రోజు సెలవైతే మరునాటికి జరిగే వెసులుబాటు చట్టాలు పెట్టిన గడువులకు ఉంది. ఇద్దరు వ్యక్తులు రాసుకున్న గడువుకు అది దానంతట అది వర్తించదు. వరుస సెలవుల నెలలో ఇదే గొడవ తెస్తుంది.

ఇక ఆ లక్ష నగదు. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ నుంచి నిషేధించింది. జరిమానా తీసుకున్నంత మొత్తం. అది పడేది ఇచ్చినవాళ్ల మీద కాదు, పుచ్చుకున్న మీ మీద. బేరం పూర్తవకపోయినా తప్పు తప్పే. నగదును నగదుగానే తిరిగిచ్చి బ్యాంకులో వేయించుకుందామని చాలామంది అనుకుంటారు. తిరిగివ్వడానికీ అదే నిషేధం ఉంది కాబట్టి అది రెండో తప్పవుతుంది. అగ్రిమెంటులో లక్ష నగదుగా ముట్టినట్టు ఉన్నదున్నట్టు రాయండి, మిగతాదంతా బ్యాంకు ద్వారానే తీసుకోండి, మీ ఆడిటర్‌కు ఇప్పుడే చెప్పండి. తగిన కారణం చూపిస్తే జరిమానా తప్పే వీలు చట్టంలో ఉంది. దాచిపెట్టి దొరికితే ఆ వీలు పోతుంది.

షాండ్లియర్ దగ్గరకు వద్దాం. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 8వ సెక్షన్ ప్రకారం, వేరే ఉద్దేశం కనిపించనప్పుడు, ఇంటితో పాటు తాళాలు, తాళంచెవులు, అడ్డగడియలు, తలుపులు, కిటికీలు, ఇంటి శాశ్వత వాడకం కోసం అమర్చిన ఇతర వస్తువులు కొనేవారికి పోతాయి. 'శాశ్వత వాడకం' అన్న మాట చుట్టూనే తగాదా. వంటగది అల్మరాలు, గోడలో కలిపేసిన వార్డ్‌రోబులు, బాత్‌రూము కుళాయిలు, సీలింగులోకి దించిన లైట్లు ఇంటివేనని ధైర్యంగా చెప్పవచ్చు. ఫ్రిజ్, ఇన్వర్టర్ బ్యాటరీ, కర్టెన్లు మీవి. స్ప్లిట్ ఏసీ, గీజర్, కొక్కేనికి వేలాడే షాండ్లియర్ మధ్యలో ఊగుతాయి. మరలు విప్పితే గోడ చెడకుండా ఊడివస్తాయి కాబట్టి మీవని వాదించవచ్చు. ఇల్లు చూపించినప్పుడు వాటిని చూసే ధర ఒప్పుకున్నామని వాళ్లూ వాదించవచ్చు. ఇల్లు కనబడాలనే కొన్నామని మీరే రాశారు, వాళ్ల వాదనకు అదే బలం. చూపించేముందే విప్పేసి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. ఇప్పుడు అగ్రిమెంటు వెనక ఒక జాబితా జతచేయండి: గదుల వారీగా ఏ వస్తువు, ఏ కంపెనీది, ఎన్ని, ఉంచుతున్నారా తీసుకెళ్తున్నారా. తీసుకెళ్లేచోట రంధ్రాలు పూడ్చి, వైరు కొసలకు టేపు చుట్టి, మామూలు హోల్డర్ బిగించి ఇస్తామని రాస్తే ఆ తర్వాత మాట పట్టింపు ఉండదు. వస్తువులకు విడిగా ధర కట్టుకోవచ్చు, అది నిజమైన ధర అయితే. స్టాంపు సుంకం తగ్గించుకోవడానికి 62 లక్షల్లో ఎనిమిది లక్షలు 'సామాను' కింద చూపే ఎత్తు మాత్రం వేయకండి. రేపు రిజిస్ట్రేషన్ శాఖ అడిగినా, పన్ను శాఖ అడిగినా జవాబు చెప్పలేరు.

పండుగ రోజుల్లో తరచూ వచ్చే ఇంకో కోరిక: మంచి రోజుంది, ముందే తాళాలివ్వండి, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం. ఇవ్వకండి. స్వాధీనం అప్పగించినట్టు ఒప్పందంలో ఉంటే, మన రాష్ట్రాల్లో ఆ ఒప్పందం మీదే అమ్మకపు దస్తావేజుకు పడేంత స్టాంపు సుంకం పడుతుంది. డబ్బు రాకముందే వాళ్లు లోపలుంటే ఖాళీ చేయించడం వేరే దావా. పాలు పొంగించుకోవడానికి ఒక్కపూట తెరిచిస్తే, ఆ సాయంత్రమే తాళాలు తిరిగిచ్చినట్టు సంతకం తీసుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఇంటిని జాగ్రత్తగా చూసుకునే బాధ్యత, బాణసంచా నిప్పుతో జరిగే నష్టంతో సహా, మీదే. ఇంటి బీమా ఉంటే ఈలోగా గడువు తీరనివ్వకండి.

దుకాణదారు సంగతి తేలిక, కానీ రోజులు లెక్కపెట్టుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార విధానం. బిల్లులో రాసిన గడువులోపు అడగాలి, గడువేమీ రాయకపోతే 30 రోజులు. 'వాపసు లేదు' అని గోడకు బోర్డు కట్టినా లోపమున్న సరుకుకు అది అడ్డురాదు. రంగు నచ్చలేదనో, వేరేచోట చవగ్గా దొరికిందనో అయితే మాత్రం ఆయన తీసుకోకపోయినా తప్పులేదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టం కింద అనుచిత విధానమే. కాబట్టి ఎస్టిమేట్ చీటీ మీ బలహీనత కాదు, ఆయనది. చీటీ, ఫోన్‌లో డబ్బు వెళ్లిన వివరం, సీరియల్ నంబరున్న అట్టపెట్టె దాచండి. దీపాలు ఆరిన తీరు వీడియో తీయండి. షాండ్లియర్‌ను మీరే విప్పకండి. ఇలాంటి వాటిలో పోయేది ఎక్కువగా దీపాలు కాదు, కరెంటును మార్చే డ్రైవర్. విప్పిన గుర్తు కనిపిస్తే వైరింగ్ తప్పంటాడు, లేదా ఓల్టేజీ అంటాడు. బిగించిన ఎలక్ట్రీషియన్ చేత ఓల్టేజీ చూపించి, రెండు ముక్కలు రాయించుకోండి.

కొన్న రోజు నుంచి 30 రోజులు దాటకముందే రాతపూర్వకంగా, వాట్సాప్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా, మార్చి ఇవ్వమని లేదా డబ్బు ఇవ్వమని అడగండి. ఏడు రోజుల్లో కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. చాలా దుకాణాలు అక్కడే దిగివస్తాయి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ కుదురుతుంది. ఐదు లక్షల వరకు రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, గడువు రెండేళ్లు. అమ్మబోయే ఇంటికోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారని ఆయన అనవచ్చు. మళ్లీ అమ్మడానికి సరుకు కొనే వ్యాపారికి వర్తించే మినహాయింపు అది, సొంత ఇంట్లో దీపం పెట్టుకున్నవారికి అంటగట్టడం కష్టం.

జీఎస్టీ నంబరున్న అసలు బిల్లే కావాలని పట్టుబట్టడానికి ఇంకో కారణముంది. ఇంటికి శాశ్వతంగా చేసిన మెరుగుదల ఖర్చును మూలధన లాభం (ఇల్లు అమ్మితే వచ్చే, పన్ను పడే లాభం) లెక్కలో తీసివేతగా చూపుకోవచ్చు. వంటగది అల్మరాలు, కొత్త వైరింగ్ లాంటివి ఆ లెక్కలోకి వస్తాయి, కర్టెన్లు రావు. ఎస్టిమేట్ చీటీని పన్ను అధికారి పట్టించుకోడు. బ్రోకరుకిచ్చిన కమీషన్‌కూ రశీదు అడగండి, అమ్మకం ఖర్చు కింద అదీ తీసివేతే.

చివరగా 62 లక్షల్లో మీ చేతికి వచ్చేది. బేరం 50 లక్షలు లేదా ఆ పైన కాబట్టి కొనేవాళ్లు ఒక శాతం, అంటే 62,000, మినహాయించి మీ పాన్ మీద కట్టాలి. మీరు దేశంలో నివాసం ఉన్నవారైతే లెక్క ఇది. విదేశాల్లో ఉంటే రేటు, పద్ధతి రెండూ వేరు. మీ పాన్ ఆధార్‌తో జతకాకుండా ఉంటే ఆ ఒక శాతం 20 శాతమవుతుంది. రిజిస్ట్రేషన్ ముందురోజు కాకుండా ఇవాళే చూసుకోండి.