పోయిన డబ్బు తెచ్చిస్తానన్న ఫోన్

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. రెండు నెలల కిందట ఎవరో బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి, మీ ఖాతా ఆగిపోతుందని భయపెట్టి ఆయన ఫోన్లో ఏదో యాప్ వేయించారు. పది నిమిషాల్లో దాచుకున్నదాంట్లో సగం పోయింది. మాకు వారం తర్వాత చెప్పారు. ఇప్పుడు ఇంకొకాయన ఫోన్ చేసి, ఫీజు కడితే ఆ డబ్బు తెప్పిస్తానంటున్నాడు. ఎంత పోయిందో కూడా సరిగ్గా చెప్పాడు. నమ్మొచ్చా?

జవాబు: వద్దు, చిల్లిగవ్వ కూడా కట్టకండి. ఎంత పోయిందో సరిగ్గా చెప్పాడు కాబట్టే అనుమానించాలి, ఎందుకంటే ఆ లెక్క దోచుకున్నవాళ్లకీ తెలుసు కదా! మోసపోయినవాళ్ల పేర్లు, నంబర్లు జాబితాలుగా అమ్ముడుపోతుంటాయి, ఒకసారి పోగొట్టుకున్న మనిషి దాన్ని రాబట్టుకోవాలనే ఆత్రంలో ఉంటాడని వాళ్లకి తెలుసు.

ముందు ఇది చెప్పండి, ఆ యాప్ ఇంకా ఫోన్లో ఉందా? అలాంటివి ఎక్కువగా స్క్రీన్ షేరింగ్ యాప్‌లే, మీ నాన్నగారి తెర మీద కనబడేదంతా, వచ్చే ఓటీపీతో సహా, అవతలివాడికీ కనిపిస్తుంది. ఉంటే వెంటనే తీసేసి, పాస్‌వర్డులన్నీ వేరే ఫోన్ నుంచి మార్చండి, బ్యాంకుకి ఈ యాప్ సంగతి కూడా చెప్పండి.

ఇక మీదట బ్యాంకు అన్నా, పోలీసులన్నా ఇంట్లో అందరికీ ఒకటే పద్ధతి: ఫోన్ పెట్టేసి, కార్డు వెనకున్న నంబరుకో మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకో మీరే చేయడం. తెర మీద బ్యాంకు పేరు పడింది కదా అనుకోవద్దు, ఆ పేరూ నంబరూ మార్చి చూపించొచ్చు. గొంతు సంగతీ అంతే. 2023లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చూపించిన వాల్-ఈ అనే ఏఐ నమూనాకి 3 సెకన్ల మాట చాలు, ఆ గొంతుతో ఏదైనా పలికిస్తుంది. అందుకని "నాన్నా, యాక్సిడెంట్ అయింది, డబ్బు పంపు" అని మీ తమ్ముడి గొంతే వినిపించినా అడగడానికి ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోండి (ఎక్కడా పోస్ట్ చేయని మాట, కుక్కపిల్ల పేరు లాంటిది పనికిరాదు).

నాకు అన్నిటికంటే బాధనిపించింది ఆ వారం. మొదటి గంటల్లోనే బ్యాంకుకి చెబితే డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపగలిగే అవకాశం కొంత ఉంటుంది. ఆయన ఎందుకు దాచారో మీకే తెలియాలి, కానీ చాలా ఇళ్లలో కారణం "ఇంత చదువుకుని ఎలా నమ్మావు" అంటారనే భయమే. ఆయన చెప్పిన రోజు మీరేం అన్నారో గుర్తు తెచ్చుకోండి. ఆ రెండో మనిషి మళ్లీ ఫోన్ చేసేది మీ నాన్నగారికే, అప్పుడు పక్కన మీరుండరు.

ప్రశ్న: వెబ్‌సైట్ అడ్రస్ పక్కన తాళం గుర్తుంటే సేఫే కదా?

జవాబు: కాదండీ. మీకూ ఆ సైట్‌కీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఇంకొకరు చదవలేరని మాత్రమే ఆ తాళానికి అర్థం. అవతల ఉన్నది దొంగే అయితే దొంగకే భద్రంగా చేరుతుంది. దొంగ సైట్లకీ ఆ తాళం ఉచితంగానే దొరుకుతుంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే గూగుల్ 2023లో క్రోమ్‌లో ఆ గుర్తు తీసేసింది. మెసేజ్‌లో వచ్చిన లింక్ నొక్కకుండా అడ్రస్ మీరే టైప్ చేసుకోండి.