గొర్రు ఒకవైపే లోతుగా దిగుతుంటే
నమస్కారమండీ. గుంటూరు దగ్గర మీ నల్లరేగడి చేలో ట్రాక్టరు వెనుక తగిలించే తొమ్మిది కర్రుల గొర్రు (కల్టివేటర్) కుడివైపు లోతుగా, ఎడమవైపు పైపైన దున్నుతోందని రాశారు. ముందుగా ట్రాక్టరును సిమెంటు కళ్లంపై నిలిపి, వెనుక టైర్లు రెండింటిలోనూ గాలి సమానంగా ఉందో లేదో చూసి, కర్రులు నేలను తాకీతాకనట్లుగా గొర్రును దించండి. కుడి కర్రులు ముందుగా ఆనితే, కుడి లిఫ్ట్ రాడ్డు (గొర్రును కుడివైపున పైకెత్తి పట్టే కడ్డీ) హ్యాండిల్ తిప్పి దాని పొడవు తగ్గించాలి. ముందు వరుస కర్రులే ఎక్కువగా దిగుతుంటే, ఫ్రేము నేలకు సమాంతరంగా వచ్చేవరకు టాప్ లింకును (గొర్రు పైభాగాన్ని ట్రాక్టరుకు కలిపే నడిమి కడ్డీని) కొద్దికొద్దిగా పొడిగించి నట్టు బిగించండి.

అయితే రేగడిలో అసలు సంగతి పదును, అంటే దున్నడానికి మట్టిలో ఉండాల్సిన సరైన తడి. బెత్తెడు లోతు మట్టిని గుప్పిట్లో పిసికితే ఉండకట్టి, బొటనవేలితో నొక్కగానే పొడిపొడిగా విడిపోవాలి. వేలికి అంటుకుంటే మాత్రం దయచేసి ఆగండి, ఆ తడిలో దున్నితే లేచే బెడ్డలు ఎండాక రోటవేటరుకు కూడా లొంగవు.