నీకు అలవాటు లేని కథ రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన కథలన్నీ చదివాను. బాగున్నాయి. వాక్యం చక్కగా నడుస్తోంది, చివరికొచ్చేసరికి కళ్లు చెమరుస్తాయి. కానీ అన్నింట్లో అదే చెరువుగట్టు, అదే అమ్మమ్మ, అదే అమ్ముడుపోయిన పొలం. ఆ కథ నీకిప్పుడు కళ్లు మూసుకున్నా వచ్చేస్తుంది. నాకు దిగులు పుట్టించింది అదే.

బెంగళూరు వచ్చి ఇన్నేళ్లయింది కదా, మారతహళ్లిలో నువ్వుండే పీజీ ఒక్క కథలోకీ రాలేదేం? ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ పొద్దున్నే బ్యాగ్ తగిలించుకుని బయటికెళ్లే మీ రూమ్మేట్ గురించి ఫోన్లో నాకు ఎంత బాగా చెప్పావు! రాయమంటే మాత్రం జంకుతున్నావు. ఊరి కథకి మెప్పు ఖాయం, దీనికి ఏమంటారో తెలీదు. పైగా ఆ అబ్బాయి చదివితే ఎలా అని టెన్షన్. పేరూ ఊరూ మార్చు, అతని పరువు కాపాడు, కానీ రాయి.

గురజాడనే చూడు. కన్యాశుల్కం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, పేరూ వచ్చింది. అక్కడితో ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. 1909 నాటికి దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. ఇవాళ మనం చదువుకునే మధురవాణికి ఆ నిండుదనం వచ్చింది ఆ రెండోసారే. జనం మెచ్చినదాన్ని తన చేత్తోనే విప్పడానికి ఎంత గుండె ఉండాలి!

ఒక ఆదివారం తెల్లవారకముందే కె.ఆర్. మార్కెట్‌కి వెళ్లు. చామంతి బస్తాల మధ్య కూర్చున్నావిడ పూలు తెచ్చిన మనిషితో తమిళంలో బేరమాడుతుంది, కొనేవాళ్లకి కన్నడంలో ధర చెబుతుంది, పక్కన కునికిపాట్లు పడుతున్న పిల్లని తెలుగులో కసురుతుంది. హోసూరు, కోలారు వైపు తెలుగు అది. ఆవిడ చేత కథలో మాట్లాడించాలంటే నీ గోదావరి తెలుగు సరిపోదు. ఫోన్లో రికార్డు చెయ్యకు. రెండు మూరలు కొను, పక్కన నిలబడి విను, మళ్లీ వారం మళ్లీ వెళ్లు. మొదట్లో యాస అతికించినట్టే ఉంటుంది, ఉండనీ. ఆవిడ మనసంతా చదివేసినట్టు మాత్రం రాయకు. చూసినంత, విన్నంత రాయి చాలు.

రచయితవి కావాలంటే ఉద్యోగం వదిలెయ్యమని ఎవరైనా చెబితే చెవిన పెట్టకు. అద్దె కట్టాలి, ఇంటికి డబ్బు పంపాలి. నీ రిస్కంతా కాగితం మీదే ఉండనీ.

ఈ కథని పోటీకి పంపొద్దు. గడువు తరుముతుంటే చెయ్యి మళ్లీ ఆ చెరువుగట్టు మీదికే పోతుంది. సగం రాసినా సరే, కొట్టివేతలతో సహా ముందు నాకు పంపు. దసరా సెలవుల్లో మల్లేశ్వరం వస్తే కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అక్క