బండి బాగానే నడుస్తోంది కదా, రీకాల్‌కి వెళ్లాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే సంగతి గురించి. 'మీ మోటార్‌సైకిల్‌లో ఫలానా భాగంలో లోపం ఉండొచ్చు, తెచ్చి చూపించుకోండి' అని కంపెనీ నుంచి మెసేజ్ వస్తుంది. ఇలా బండ్లని వెనక్కి పిలవడాన్నే రీకాల్ అంటారు. ఆ మెసేజ్ చదివిన దగ్గర్నుంచి కొందరికి బండి ఎక్కాలంటేనే టెన్షన్, ఇంకొందరేమో మెసేజ్ చూసి పక్కన పడేసి మామూలుగా తిరిగేస్తున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం రీకాల్ ప్రశ్నలకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: బండి కొని ఏడాదిన్నర అయింది. ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది, ఇప్పటిదాకా ఒక్క ఇబ్బంది లేదు. మొన్న ముందు బ్రేక్ హోస్‌లో (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టంలో) లోపం ఉండొచ్చని, సర్వీస్ సెంటర్‌కి తెమ్మని మెసేజ్ వచ్చింది. బ్రేక్ చక్కగా పడుతోంది. నిజంగా వెళ్లాలా? వెళ్లేదాకా నడపొచ్చా?

జవాబు: వెళ్లాలండీ, ఇందులో రెండో మాట లేదు. బండి ఇప్పుడెలా నడుస్తోందన్నది చూసి రీకాల్ వేయరు. ఫలానా నెలల్లో తయారైన ఫలానా భాగాల్లో తేడా ఉందని కంపెనీకి తెలుస్తుంది, ఆ భాగాలు ఏ ఛాసిస్ నంబర్ల బండ్లకి పడ్డాయో వాళ్ల రికార్డుల్లో ఉంటుంది, ఆ నంబర్లన్నిటికీ కబురు పెడతారు. మీ హోస్ ఇంకో ఐదేళ్లు బాగానే ఉండొచ్చు, వచ్చే వారం గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు చిట్లొచ్చు. బయట నుంచి చూసి ఇది చెప్పడం మీవల్లా కాదు, నావల్లా కాదు.

నా సంగతే చెబుతాను. నాకోసారి బ్రేక్ లైట్ స్విచ్ గురించి ఇలాగే కబురొచ్చింది. స్విచ్చే కదా అని నెలకు పైగా వెళ్లలేదు. ఒక సాయంత్రం చీకటి పడ్డాక నేను బ్రేక్ వేసి ఆపితే, వెనకొచ్చే కారు టైర్లు కీచుమంటూ నా వెనక చక్రానికి మూరెడు దూరంలో ఆగింది. ఇంటికొచ్చి బండి వెనక భాగాన్ని గోడకు దగ్గరగా పెట్టి, తాళం ఆన్ చేసి ముందు బ్రేక్ లివర్ నొక్కాను. గోడ మీద ఎరుపు పెరగలేదు. నాలుగైదుసార్లు నొక్కితే ఒక్కసారి వెలిగింది. ఎన్ని రోజుల నుంచి అలా ఉందో, ఎన్నిసార్లు నా వెనకవాళ్లకి తెలియకుండా బ్రేక్ వేశానో ఇప్పటికీ తలుచుకుంటే గుండె గుభేలుమంటుంది. అందుకే 'బండి బాగానే ఉంది కదా' అనే మాట ఎవరన్నా నేను ఊరుకోలేను.

ఇక నడపొచ్చా అన్న ప్రశ్న. ముందు ఆ మెసేజో ఉత్తరమో పూర్తిగా చదవండి, మొదటి రెండు లైన్లు చదివి ఆపేయకండి. లోపం ఏమిటి, దానివల్ల ఏం జరగొచ్చు, అప్పటిదాకా ఏం చేయాలి అన్నవి మూడూ సాధారణంగా అందులోనే ఉంటాయి. 'బండి నడపడం ఆపండి' అని రాసి ఉంటే తాళం తీసి లోపల పెట్టేయండి, సర్వీస్ సెంటర్‌కి కూడా నడుపుకుంటూ వెళ్లొద్దు, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమని అడగండి. అలా రాయకపోయినా బ్రేకు, హ్యాండిల్, చక్రాలు, పెట్రోల్ పైపులు, ఈ నాలుగింటిలో దేనికి సంబంధించినదైనా సరే, రిపేర్ అయ్యేదాకా బండి పక్కన పెట్టమనే నా సలహా. రిఫ్లెక్టర్ రంగు, స్టిక్కర్ మీద తప్పుగా పడిన అంకె లాంటి వాటికి కూడా రీకాల్స్ వస్తుంటాయి, వాటికి బండి ఆపక్కర్లేదు, వీలు చూసుకుని వెళ్లండి.

మీది బ్రేక్ హోస్ కాబట్టి ఇవాళే ఒక పని చేయండి. హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ, టార్చి వేసి హోస్ పొడవునా చూడండి. ఉబ్బుగానీ, సన్నటి పగుళ్లుగానీ, రెండు కొసల్లో బోల్టుల దగ్గర తడిగానీ ఉందేమో తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి. బ్రేక్ ఆయిల్ పడినచోట పెయింట్ ఉబ్బి ఊడుతుంది, అదీ ఒక గుర్తు. తర్వాత లివర్‌ని గట్టిగా నొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి, మెల్లమెల్లగా గ్రిప్ వైపు దిగిపోతుంటే ఎక్కడో కారుతోందని లెక్క. ఇవేవీ కనబడకపోతే లోపం లేదని మాత్రం అనుకోకండి. కనబడితే బండి కదపకూడదని తెలుస్తుంది, ఈ పరీక్ష పనికొచ్చేది అంతవరకే.

ప్రశ్న: నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇదే మోడల్‌కి రీకాల్ ఉందని ఆఫీసులో ఒకాయన అన్నారు. నాకు ఏ ఉత్తరమూ రాలేదు. అంటే నా బండికి లేనట్టేనా?

జవాబు: అలా అనుకోవద్దు. ఉత్తరం బండి చిరునామాకి రాదు, కంపెనీ దగ్గరున్న యజమాని చిరునామాకి వెళ్తుంది. ఆ రికార్డులో ఇంకా మొదటాయన పేరే ఉంటే కబురు ఆయన పాత ఫోన్ నంబర్‌కి వెళ్లి అక్కడే ఆగిపోయి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ల బండ్లే రీకాల్‌లో ఎక్కువగా మిగిలిపోతాయని నా నమ్మకం, నా దగ్గరకొచ్చే ప్రశ్నలు చూస్తే అలాగే అనిపిస్తుంది.

మీకు కావాల్సింది ఛాసిస్ నంబర్. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉంటుంది, కానీ బండి మీద చెక్కినదాన్ని చూసి సరిపోల్చుకోవడం మంచిది. చాలా బండ్లకి అది హ్యాండిల్ కింద, ఫ్రేమ్ ముందు గొట్టం మీద ఉంటుంది. హ్యాండిల్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, మట్టీ గ్రీజూ తుడిచి, టార్చిని నేరుగా కాకుండా ఏటవాలుగా పట్టుకుంటే చెక్కిన అక్షరాలకి నీడ పడి స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. మొత్తం 17 అక్షరాలూ అంకెలూ ఉండాలి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ పొరబడతారని. కాబట్టి ఓ లాంటిది కనిపిస్తే అది సున్నాయే. ఈ ఒక్క పొరపాటుతో 'మీ బండికి రీకాల్ లేదు' అని జవాబు తెచ్చుకున్నవాళ్లున్నారు.

ఆ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ పేజీలో కొట్టి చూడండి, లేదా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి చదివి వినిపించండి. ఫోన్ చేసినప్పుడే యజమానిగా మీ పేరు, ఫోన్ నంబర్, చిరునామా ఎక్కించమనండి. బండి చేతులు మారిందని రీకాల్ రద్దవదు. వారంటీ అయిపోయిందని ఎవరైనా అంటే, వారంటీ వేరు, రీకాల్ వేరు అని చెప్పండి.

ప్రశ్న: మూడుసార్లు సర్వీస్ సెంటర్‌కి తిరిగాను. ప్రతిసారీ 'పార్టు రాలేదు, వచ్చాక ఫోన్ చేస్తాం' అంటారు. రెండు నెలలైంది, ఫోన్ లేదు. ఇంకేం చేయాలి?

జవాబు: మీ కోపం నాకు అర్థమవుతోంది. ప్రమాదం ఉందని వాళ్లే చెప్పి, ఆ ప్రమాదం మీద మనల్ని రెండు నెలలు తిరగనివ్వడం తప్పు, ఇందులో సర్దిచెప్పేదేమీ లేదు. అయితే ఒక కష్టం మాత్రం నిజమే. ఒకే భాగం ఒకేసారి లక్షల్లో కావాల్సి వస్తుంది, పైగా అదే భాగాన్ని ఒక్కోసారి నాలుగైదు కంపెనీలు వాడుతుంటాయి. బ్రెంబో తయారుచేసిన ఒక రకం ముందు బ్రేక్ మాస్టర్ సిలిండర్‌లో (లివర్ నొక్కితే ఆయిల్‌ని తోసే భాగంలో) పిస్టన్ పగిలే అవకాశం ఉందని తేలినప్పుడు డుకాటీ, ఎప్రిలియా రెండూ బండ్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. పార్టు ఆలస్యం కావచ్చు, సరే. కబురు ఎందుకు ఆలస్యం కావాలి?

నోటిమాటతో తిరగడం ఇక ఆపండి. ఈసారి వెళ్లినప్పుడు జాబ్ కార్డు (బండికి చేసే పని రాసే కాగితం) తెరిపించండి, అందులో రీకాల్ నంబర్, మీ ఛాసిస్ నంబర్, 'పార్టు అందుబాటులో లేదు' అనే మాట, తేదీ రాయించుకుని కాపీ తీసుకోండి. రాయనంటే అక్కడే నిలబడి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. మెయిల్ పొడుగ్గా వద్దు: ఎప్పుడెప్పుడు వెళ్లారు, ఎవరేమన్నారు, పార్టు ఏ తేదీకి వస్తుంది, అప్పటిదాకా బండి నడపొచ్చా లేదా రాసి పంపండి, ఇంతే. ఆ చివరి ప్రశ్న తప్పకుండా ఉండాలి. 'నడపండి, ఏం కాదు' అని కాగితం మీద రాసివ్వడానికి ఎవరూ తేలిగ్గా ఒప్పుకోరు, దాంతో విషయం పైవాళ్ల దాకా వెళ్తుంది. ఇదే పార్టు వేరే సర్వీస్ సెంటర్‌లో ఉందేమో కూడా అడగండి, రీకాల్ పని బండి కొన్నచోటే చేయించుకోవాలని రూలేం లేదు, ఆ కంపెనీ అధీకృత సెంటర్ ఏదైనా చేయాలి. అప్పటికీ కదలిక లేకపోతే వాహన భద్రత చూసే ప్రభుత్వ విభాగానికి ఫిర్యాదు చేయండి, మీ చేతిలో ఉన్న జాబ్ కార్డూ మెయిలూ అప్పుడు పనికొస్తాయి.

ప్రశ్న: రీకాల్ పని ఉచితమన్నారు, తీరా వెళ్తే లేబర్ ఛార్జీ అడిగారు. కట్టాలా?

జవాబు: వద్దు. రీకాల్‌లో పార్టుకీ, బిగించే కూలికీ రెండిటికీ కంపెనీదే ఖర్చు. హోస్ మారిస్తే అందులో పోసే కొత్త బ్రేక్ ఆయిల్ కూడా ఆ పనిలో భాగమే. కాకపోతే బండి విప్పినప్పుడు బ్రేక్ ప్యాడ్లు అరిగాయనో, చైన్ సాగిందనో చెబితే అది మీ ఖర్చు, అది అబద్ధమేమీ కాకపోవచ్చు. ఒప్పుకునే ముందు ఆ ప్యాడ్లు చూపించమనండి. ఇంకో మాట, రీకాల్ రాకముందే ఇదే లోపానికి మీరు డబ్బు పెట్టి బాగు చేయించుకుని ఉంటే ఆ బిల్లు పారేయకండి, చాలా కంపెనీలు తిరిగి ఇస్తాయి, కానీ అడిగినవాళ్లకే.

ప్రశ్న: నాదీ, మా తమ్ముడిదీ ఒకటే మోడల్, ఒకటే రంగు. వాడికి రీకాల్ వచ్చింది, నాకు రాలేదు. ఇంకొకాయన వెళ్తే చూసి 'మీకు మార్చక్కర్లేదు' అని పంపేశారట. ఏది నమ్మాలి?

జవాబు: మూడూ నిజమే కావచ్చు. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చే భాగం) లోపంతో ఏడు దేశాల్లో 2,36,966 బండ్లని వెనక్కి పిలిచింది. మీటియోర్, క్లాసిక్, బుల్లెట్ మోడళ్లలో 2020 డిసెంబర్ నుంచి 2021 ఏప్రిల్ మధ్య తయారైనవి మాత్రమే. అందులోనూ పది శాతం లోపు బండ్లకే కాయిల్ మార్చాల్సి రావచ్చని కంపెనీ అప్పుడే చెప్పింది. అంటే ఒకే మోడల్ అయినా తయారైన నెలను బట్టి ఒకటి లిస్టులో ఉంటుంది, ఒకటి ఉండదు, లిస్టులో ఉన్నదానికి కూడా చూసి వదిలేయొచ్చు. చూసి వదిలేసినా సరే, 'తనిఖీ చేశాం, మార్చక్కర్లేదు' అని జాబ్ కార్డు మీద రాయించుకోవాలి, కంపెనీ రికార్డులో ఈ ఛాసిస్ నంబర్ పని పూర్తయినట్టు పడాలి. మీకు రాలేదంటున్నారు కాబట్టి మీ నంబర్ కూడా ఒకసారి కొట్టి చూడండి, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి చూస్తూ ఉండండి, లిస్టు తర్వాత పెరిగిన సందర్భాలున్నాయి.

ప్రశ్న: రీకాల్‌లో బ్రేక్ పని చేయించాక లివర్ మెత్తగా అనిపిస్తోంది. కొత్త కదా, సర్దుకుంటుందన్నారు.

జవాబు: సర్దుకోదండీ. మెత్తగా, స్పాంజిలా ఉందంటే లైన్‌లో గాలి మిగిలి ఉండొచ్చు. ఇవాళే వెనక్కి ఇచ్చి మళ్లీ గాలి తీయించండి, అప్పటిదాకా ఆ బండి నడపకండి. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు మొదట్లో పట్టు కొంచెం తక్కువగా ఉండి తర్వాత కుదురుకోవడం మామూలే, లివర్ మెత్తబడటం మాత్రం వేరే సంగతి. ఈ రెండిటినీ కలిపి మాట్లాడేవాళ్లని నమ్మొద్దు.

బ్రేక్ ఆయిల్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2018లో హార్లే డేవిడ్‌సన్ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న 2008 నుంచి 2011 మోడల్ బండ్లని లక్షా డెబ్బై వేలకు పైగా వెనక్కి పిలిచింది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్‌ని రెండేళ్లకోసారి మార్చకపోతే లోపల మడ్డి పేరుకుని బ్రేక్ పడకుండా పోవచ్చనేది అక్కడి సమస్య. ఆ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, మూత బిగించే ఉన్నా సరే. మీ బండికి ఏ రీకాలూ లేకపోయినా ఆఖరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు తీసి చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి బండికి పెట్రోల్ పైపు గురించి రీకాల్ వచ్చింది. రోజూ దాని మీదే వెళ్తాడు. చెబితే 'వచ్చే నెల చూద్దాంలే అమ్మా' అంటాడు. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ భయం అనవసరమైనది కాదు. పెట్రోల్ పైపు కింద వేడెక్కిన ఇంజిన్ ఉంటుంది, కారే చుక్క పడేది దాని మీదే. అబ్బాయితో వాదించే బదులు పని తేలిక చేసి పెట్టండి. బండి నిలిపి ఉన్నప్పుడు ఛాసిస్ నంబర్ రాసుకుని, సర్వీస్ సెంటర్‌కి మీరే ఫోన్ చేసి ఆ నంబర్ చెప్పి, పార్టు వాళ్ల దగ్గర ఉందో లేదో కనుక్కుని, అతనికి సెలవున్న రోజు పొద్దున మొదటి టైమ్ తీసుకోండి. పని ఎంతసేపు పడుతుందో కూడా అడగండి. చాలాసార్లు పిల్లలు వెళ్లకపోవడానికి కారణం ధీమా కన్నా, రోజంతా అక్కడే పోతుందన్న విసుగే. పైపు మార్చడం చాలా బండ్లకి పెద్ద పని కాదు, ఆ మాట సర్వీస్ సెంటర్ వాళ్ల నోటితోనే వింటే అబ్బాయి కదులుతాడు.

పెట్రోల్ పైపు సంగతి కాబట్టి, మొదట చెప్పినట్టే, పని అయ్యేదాకా బండి పక్కన పెట్టించగలిగితే అదే మంచిది. ఈలోగా రాత్రి బండి ఇంట్లోపల, గ్యాస్ స్టవ్‌కో దీపానికో దగ్గరగా పెట్టనివ్వకండి. అబ్బాయి వినకుండా బండి తీస్తానంటే, పొద్దున తాళం తీయకముందే ఇంజిన్ కింద నేల చూడండి, రాత్రే ఒక అట్టముక్క పరిచి ఉంచితే ఇంకా తేలిక. పెట్రోల్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి మరక లేకపోయినా వాసన చూడండి. తడి కనిపించినా, పెట్రోల్ వాసన వచ్చినా ఆ రోజు బండి స్టార్ట్ చేయనివ్వకండి, తాళం చెవి మీ దగ్గరే ఉంచుకుని సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి బండిని వచ్చి తీసుకెళ్లమనండి.