తొలకరికే తొందరపడకండి

తొలకరికి విత్తాక 20 రోజులు చినుకు లేక మొలకలన్నీ మాడిపోయాయని, ఈసారి ఏం చేయాలని అడిగారు. మళ్లీ విత్తనం కొనాలంటే ఎంత టెన్షనో తెలుసు. తప్పు మీది కాదండి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచగలదు; అందుకే వానల మధ్య ఎడం పెరిగి, కురిస్తే కుండపోతగా కురుస్తోంది.

ఈసారి వాన వెలిశాక జానెడు లోతు తవ్వి, ఆ మట్టిని పిడికిట్లో నొక్కండి. ముద్ద కడితేనే విత్తండి. ఇసుక నేలకు ఈ గుర్తు పనికిరాదు.

నేల గట్టిపడి నీరు జారిపోతుంటే ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశపు రైతుల ‘జాయ్’ గుంతలు చూడండి. ఎండాకాలంలోనే 20-30 సెంటీమీటర్ల వెడల్పు, 10-20 లోతున తవ్వి, ఒక్కోదాంట్లో గుప్పెడు పశువుల ఎరువు వేస్తారు. చెదపురుగులు ఎరువు కోసం వచ్చి నేలను గుల్ల చేస్తాయి, వాన నీళ్లు అక్కడే ఇంకుతాయి. జొన్న, సజ్జలకు బాగుంటుంది. చాకిరీ ఎక్కువ, ముందు కొద్ది నేలలోనే చేసి చూడండి.