చెక్కపెట్టెలో కోడిపిల్లలు తెల్లారేసరికి చనిపోతున్నాయి.. ఏం చేయాలి?

సందేహం: 50 వనరాజా (పెరట్లో పెంచుకునే రకం) కోడిపిల్లలు తెచ్చాను. ఇంట్లో ఉన్న చెక్కలతో 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు పెట్టె చేసి, వరి ఊక పోసి, 20 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు పెట్టాను. గాలి తగలకుండా పైన పాలిథిన్ పట్టా కప్పాను. మూడో రోజు నుంచి రోజూ పొద్దున్నే మూడు, నాలుగు పిల్లలు మూలన చచ్చి ఉంటున్నాయి. ఇప్పటికి 14 పోయాయి. కొన్నింటికి వెనుక రెట్ట అంటుకుంటోంది. కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) అనుకుంటున్నాను. మందుల షాపులో ఎన్రోఫ్లాక్సాసిన్, ఇంకో యాంటీబయాటిక్ పొడి, లివర్ టానిక్ ఇచ్చారు. తగ్గలేదు. టీకా ఇప్పుడే వేయించాలా?
– ఒక రైతు, ఉట్నూరు ప్రాంతం, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: మీరు రాసిన దాన్ని బట్టి ఇది కొక్కెర తెగులు కాదు. మీ పిల్లలు చలికి చనిపోతున్నాయి. కొక్కెర తెగులైతే ఆకుపచ్చ పారుడు, మెడ తిప్పుకోవడం, రొప్పడం కనిపించాలి, పగలు కూడా చావాలి. మీ దగ్గర పగలంతా బాగుండి, రాత్రి ఒకదాని మీద ఒకటి ఎక్కి మూలన నలిగి చస్తున్నాయి. వారం లోపు పిల్లకు ఒంటి వేడిని తానే కాపాడుకునే శక్తి ఉండదు. చలి పట్టిన పిల్ల మేత తినదు, కడుపులోని పచ్చసొన సరిగా ఇంకదు, వెనుక రెట్ట అంటుకుంటుంది.

తప్పు బల్బుది. ఎల్‌ఈడీ బల్బు వెలుగు కోసం చేసింది. దానికి పుట్టే కొద్దిపాటి వేడి కూడా బల్బు వెనుక భాగం నుంచి పైకే పోతుంది, పిల్లల దాకా దిగదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బులో నూటికి 90 పాళ్లకు పైగా కరెంటు వేడిగానే మారుతుంది. మనకు కావలసింది అదే. ఈ రోజే 60 వాట్ల ఫిలమెంట్ బల్బులు మూడు తెచ్చుకోండి. మామూలుగా పిల్లకు 2 వాట్ల లెక్క సరిపోతుంది కానీ మీ వైపు డిసెంబరు, జనవరి చలికి అది చాలదు. ఒకే పెద్ద బల్బు పెడితే అర్ధరాత్రి అది మాడిపోయిందంటే పొద్దునకు పెట్టె ఖాళీ. మూడుంటే ఒకటి పోయినా మిగతా రెండు కాపాడతాయి. రాత్రి మూడూ వేయండి, పగలు ఎండను బట్టి ఒకటో రెండో చాలు.

బల్బులన్నీ పెట్టెలో ఒక పక్కకే, ఊక నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో వేలాడదీయండి. రెండో పక్క కాస్త చల్లగా ఉండాలి, వేడెక్కిన పిల్ల అక్కడికి పోతుంది. నీళ్ల డబ్బా బల్బు కింద పెట్టొద్దు. పెట్టె చెక్కది, కింద ఉన్నది ఎండు ఊక, కాబట్టి బల్బును కరెంటు వైరుతో వేలాడదీయకండి. గొలుసుకో గట్టి బైండింగ్ తీగకో కట్టండి, పింగాణీ హోల్డరు వాడండి. మూలలకు అట్టముక్కలు వంచి గుండ్రంగా చేయండి, అప్పుడు పిల్లలు మూలన కుక్కుకోవు.

పిల్ల వీపు ఎత్తున, అంటే ఊకకు రెండు అంగుళాల పైన, బల్బుల వేడి అంచున థర్మామీటరు పెట్టి చూడండి. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ 75కి తేవాలి. మీ పిల్లలకు ఇప్పటికే చలి పట్టింది కాబట్టి ఇంకో మూడు రోజులు 95లోనే ఉంచండి. ఒక పిల్లను చేతిలోకి తీసుకుని దాని పాదాన్ని మీ చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే థర్మామీటరు ఏం చూపించినా వేడి చాలనట్టే.

పాలిథిన్ పట్టా తీసేయండి. పొద్దున దాని లోపలి వైపు చెమ్మ పట్టి ఉంటుంది, చూడండి. ఆ తడి ఊకలోకి దిగి అమ్మోనియా ఘాటు పుడుతుంది, పిల్లల కళ్లు మండుతాయి. దాని బదులు గోనెసంచి కప్పి, ఒక పక్క జానెడు వదలండి. పెట్టె పై భాగంలో ఎదురెదురుగా రెండు రంధ్రాలు చేసి సన్న జాలి కొట్టండి, లేకపోతే ఎలుకలు, పాములు దూరతాయి. కరెంటు పోతే వేడినీళ్ల సీసాలకు పాత గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టండి. బొగ్గుల కుంపటి మాత్రం మూసిన పెట్టెలో ఎప్పుడూ పెట్టకండి. ఆ విషవాయువుకు రాత్రికి రాత్రే అన్నీ పోతాయి.

ఇక మందులు. చలికి యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? షాపులో కూర్చున్న మనిషి మీ పెట్టెలోకి తొంగిచూడలేదు, చచ్చిన పిల్లను కోసి చూడలేదు, బల్బు ఏం పెట్టారని కూడా అడగలేదు. రెండు యాంటీబయాటిక్‌లు, ఒక టానిక్ చేతిలో పెట్టాడు. ఎన్రోఫ్లాక్సాసిన్ చేదు, అది కలిపిన నీళ్లు పిల్ల సరిగా తాగదు, అసలే నీరసించిన పిల్ల ఇంకా నీరసిస్తుంది. అక్కరలేని చోట వాడిన మందు రేపు నిజంగా రోగం వచ్చినప్పుడు పనిచేయకపోతే మీరే నష్టపోతారు. కోళ్లకు ఇలా ఇష్టం వచ్చినట్టు వాడబట్టే కేంద్రం 2019లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులు, కోళ్లలో వాడకుండా నిషేధించింది. మనుషులకు చివరి ఆశగా వాడే మందు అది. మీ పొడి ప్యాకెట్ మీద ఆ పేరు ఉందేమో ఒకసారి చదవండి.

అన్నీ ఆపి, ఈ రోజు లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల బెల్లం కలిపి ఒక్క పూట ఇవ్వండి, తర్వాత మంచినీళ్లు చాలు. అంటుకున్న రెట్టను లాగకండి, గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో మెత్తబరచి తీయండి. వేడి సరిచేశాక కూడా రెండు రోజుల్లో చావులు ఆగకపోతే అప్పుడే చనిపోయిన రెండు పిల్లల్ని ఐసు డబ్బాలో పశువైద్యశాలకు తీసుకెళ్లి కోత పరీక్ష చేయించండి. బొడ్డు వాపు లాంటిది తేలితే డాక్టర్ రాసిన ఒక్క మందు, రాసినన్ని రోజులు వాడండి.

టీకా రోగాన్ని తగ్గించదు, రాకుండా ఆపుతుంది. నీరసంగా ఉన్న పిల్లకు వేయకూడదు. మామూలుగా 7వ రోజున కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా కంట్లో ఒక చుక్క వేయాలి. మీరు చావులు ఆగి పిల్లలు చురుగ్గా తిరిగేదాకా రెండు, మూడు రోజులు ఆగి వేయించండి. 14వ రోజున వేయాల్సిన గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ రోగం) టీకాను కూడా లసోటా వేసిన వారం తర్వాతకి జరపండి.

బల్బులు మార్చాక ఈ రాత్రి 9 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున 4 గంటలకు ఒకసారి పెట్టె దగ్గర నిలబడి వినండి. ఆగకుండా కీచుమంటూ గుంపు కడితే బల్బు కాస్త దించండి. నోరు తెరిచి దూరంగా పోతుంటే పైకి లేపండి. ఊక మీద అక్కడక్కడా కాళ్లు చాపుకుని పడుకుంటే ఇంక కదిలించొద్దు.